రోగమేదో తెలిశాకే మందు

హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన అబూదావూద్ హదీసు గ్రంథంలో ఉంది. సహాబాలు కొందరు ప్రయాణంలో ఉండగా వారిలో ఒకరికి రాయి తగిలి తల పగిలింది. ఆ స్థితిలోనే ఆయనకు గుసుల్ విధి అయింది. స్నానానికి బదులు తయమ్ముమ్ చేసుకునే సౌలభ్యం తనకుందా అని ఆయన తోటివారిని అడిగారు. నీళ్లు అందుబాటులో ఉండగా ఆ సౌలభ్యం ఎక్కడిదని వారన్నారు. ఆయన స్నానం చేశారు, చనిపోయారు. ఈ వార్త విన్న దైవప్రవక్త (స) తీవ్రంగా ఆగ్రహించారు. ఆ మనిషి ప్రాణం తీసింది వారేనన్నారు. తెలియనప్పుడు తెలిసినవారిని ఎందుకు అడగలేదని నిలదీశారు. అజ్ఞానమనే రోగానికి అడగటమే మందని బోధించారు.

ఉర్దూలో ఒక నానుడి ఉంది: నీమ్ హకీమ్ ఖత్రయె జాన్, నీమ్ ముల్లా ఖత్రయె ఈమాన్. అరకొర వైద్యుడు ప్రాణానికి ముప్పు, అరకొర ముల్లా విశ్వాసానికి ముప్పు అని దాని అర్థం. పై సంఘటనలో ఈ రెండు ముప్పులూ ఒక్కచోటే కనిపిస్తాయి. మనం ఈ వారం చెప్పుకోబోయే కడుపు జబ్బు విషయంలోనూ ఈ రెండూ కలిసే వస్తున్నాయి. అందుకే వైద్య సంబంధమైన ఈ అంశాన్ని శుక్రవారం పాఠకుల ముందుకు తెస్తున్నాం. మేము వైద్యులం కాము. వైద్యులు నిర్ధారించి చెప్పినంతవరకే ఇక్కడ రాస్తున్నాం.

మసీదు వుజూఖానా దగ్గర కాసేపు నిలబడితే చాలు, విషయం అర్థమవుతుంది. ఒక్క నమాజుకు రెండు మూడుసార్లు వుజూ చేసుకునేవారు ప్రతి మొహల్లాలోనూ ఉన్నారు. అన్నం తిన్న గంటకే వారి పొట్ట డప్పులా ఉబ్బుతుంది. త్రేన్పులు, కడుపులో గడగడ శబ్దాలు, ఆగని అపానవాయువు. కొందరికి రోజుకు నాలుగైదు విరేచనాలు, మరికొందరికి మూడు రోజులకు ఒకటి. ఏమిటండీ అని అడిగితే అందరి నోటా ఒకటే మాట, గ్యాస్ ట్రబుల్. ఈ రెండు ఇంగ్లీషు మాటలు మన పల్లెల్లో సైతం రోగాల పేర్లన్నిటినీ మింగేశాయి. పిత్తాశయంలో రాళ్లున్నా గ్యాసే, గుండె నొప్పి వచ్చినా గ్యాసే! మందుల షాపుకు వెళ్లి పరగడుపున వేసుకునే మాత్ర ఒక పట్టీ తెచ్చుకుంటారు. అది ఏళ్ల తరబడి సాగుతుంది. సిగ్గుతో జమాత్ మానుకుని ఇంట్లోనే నమాజు చేసుకునేవారు కొందరైతే, నా వుజూ నిలవదు కాబట్టి నాకిక నమాజే లేదనుకునే అమాయకులు మరికొందరు.

ఈ ఉబ్బరాలన్నీ ఒకే రోగం కాదు. వాటి వెనుక ఉండగలిగిన కారణాల్లో ఒకటి చిన్నపేగులో సూక్ష్మజీవులు మితిమీరి పెరగటం. ఇంగ్లీషులో దీన్ని స్మాల్ ఇంటెస్టైనల్ బ్యాక్టీరియల్ ఓవర్‌గ్రోత్ అంటారు, పొట్టిగా సీబో. మన చిన్నపేగు పొడవు సుమారు 6 మీటర్లు. అన్నంలోని సారం ఒంటికి పట్టేది అక్కడే. దాని తర్వాత వచ్చే పెద్దపేగు సూక్ష్మజీవులకు నిలయం, అవి అక్కడ ఉండటం మనకు మేలు కూడా. చిన్నపేగులో మాత్రం అవి చాలా తక్కువగా ఉండాలి. ఇందుకోసం సృష్టికర్త చేసిన ఏర్పాట్లు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. జీర్ణాశయంలోని ఆమ్లం నోటి ద్వారా వచ్చే క్రిములను చంపుతుంది. పైత్యరసం వాటిని అదుపులో ఉంచుతుంది. చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట ఉన్న కవాటం వెనుకనుంచి క్రిములు పైకి రాకుండా అడ్డుకుంటుంది. వీటన్నిటికీ తోడు, కడుపు ఖాళీగా ఉన్నప్పుడు సుమారు గంటన్నర నుంచి రెండు గంటలకొకసారి పేగులో ఒక అల బయలుదేరి మిగిలిన పదార్థాన్ని చీపురుతో ఊడ్చినట్లు కిందికి నెట్టేస్తుంది. ఏదైనా తిన్నామంటే ఆ ఊడ్పు ఆగిపోతుంది. పొద్దస్తమానం ఏదో ఒకటి నమిలేవారి పేగుకు ఆ అవకాశమే చిక్కదు. అంతమాత్రాన రోజా ఈ రోగానికి మందు అని ప్రచారం చేయటం సరికాదు. రోజా ఆరాధన, చికిత్స కాదు.

ఈ ఏర్పాట్లలో ఏది దెబ్బతిన్నా క్రిములు చిన్నపేగులో తిష్ఠ వేస్తాయి. మనం తిన్న పిండిపదార్థాన్ని మనకంటే ముందు అవే తిని, పులియబెట్టి, గాలి పుట్టిస్తాయి. ఒంటికి అందవలసిన బి12 విటమిన్‌ను కూడా అవే కాజేస్తాయి. అందువల్ల కొందరికి రక్తహీనత, పాదాల్లో తిమ్మిర్లు వస్తాయి. కొవ్వు అరగక మలం జిడ్డుగా పోతుంది, బరువు తగ్గుతుంది.

ఇక్కడ పాఠకులు ఒక విషయం గట్టిగా గుర్తుంచుకోవాలి. సీబో చాలావరకు తనంతట తాను రాదు, వేరొక రోగం వెంట వస్తుంది. ఏళ్లుగా అదుపులో లేని మధుమేహం పేగుల కదలికను మందగింపజేస్తుంది. పాత ఆపరేషన్ల వల్ల పేగులు అతుక్కుపోవచ్చు. క్రోన్స్ వ్యాధి, క్లోమగ్రంథి దీర్ఘకాలిక వాపు, చర్మం బిగుసుకుపోయే స్క్లెరోడెర్మా వంటివి కూడా కారణాలే. మన దేశంలో పేగు క్షయను అసలు మరచిపోకూడదు. నల్లమందు జాతి నొప్పి మందులు పేగును నిద్రపుచ్చుతాయి. గ్యాస్ మాత్ర అని మనవాళ్లు ఏళ్ల తరబడి మింగే ఒమెప్రజోల్, పాంటాప్రజోల్ వంటివి ఆమ్లాన్ని తగ్గిస్తాయి కనుక వాటికీ సీబోకూ సంబంధం ఉన్నట్లు పరిశోధనల్లో కనిపించింది. అంటే గ్యాసుకని వేసుకునే మాత్రే గ్యాసును పెంచే అవకాశం ఉందన్నమాట. అలాగని రేపే ఆపేయకండి. పుండు ఉన్నవారికి, గుండె కోసం ఆస్పిరిన్ వాడేవారికి ఆ మాత్ర అవసరం కావచ్చు. ఎందుకు రాశారు, ఎన్నాళ్లు వాడాలి అని రాసిన వైద్యుణ్ణే అడగండి.

మేమెరిగిన ఒక యువ హాఫిజ్ సంగతి చెబుతాం. ఏటా తరావీహ్ చదివించేవారు. ఇరవై రకాతులు పూర్తయ్యేదాకా వుజూ నిలవక ఒక రంజాన్‌లో ముసల్లా వదిలేశారు. ఒకచోట ఊపిరి పరీక్ష చేసి సీబో అన్నారు, రెండు వారాల యాంటీబయోటిక్ ఇచ్చారు. నెల రోజులు హాయిగా ఉంది, మళ్లీ మొదలైంది. మళ్లీ అదే మందు, మళ్లీ నెల రోజులు. ఈలోగా మనిషి ఏడు కిలోలు తగ్గారు. బరువు ఎందుకు తగ్గుతోందని ఎవరూ అడగలేదు. చివరికి ఒక పేగుల వైద్యుడు స్కానింగ్, కొలనోస్కోపీ చేయించి, చిన్నపేగు చివర క్షయ వల్ల ఇరుకైన చోటును కనిపెట్టారు. ఆ ఇరుకు పైన ఆహారం నిలవ ఉండి క్రిములు పెరుగుతున్నాయి. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే క్షయ మందులు పూర్తిగా వాడాక ఆయన కుదుటపడ్డారు. మొదటి పరీక్ష అబద్ధం చెప్పలేదు, సీబో ఉన్న మాట నిజమే. ఎందుకు ఉందన్న ప్రశ్నే ఎవరూ వేయలేదు.

పరీక్షల విషయానికి వద్దాం. చిన్నపేగు పైభాగం నుంచి గొట్టం ద్వారా ద్రవం తీసి క్రిములను లెక్కించటం ఒక పద్ధతి. ఒక మిల్లీలీటరులో వెయ్యి, అంతకు మించి ఉంటే సీబో అని 2017లో ఉత్తర అమెరికా నిపుణులు అంగీకారానికి వచ్చారు. అంతకుముందు లక్ష ఉండాలనేవారు! గొట్టం పైభాగానికే చేరుతుంది, నోటి క్రిములు అందులో కలిసిపోవచ్చు, ఖర్చూ ఎక్కువే. అందుకే ఎక్కువచోట్ల చేసేది ఊపిరి పరీక్ష, అంటే బ్రీత్ టెస్ట్. మన శరీర కణాలు హైడ్రోజన్ వాయువును తయారు చేయవు, పేగులోని సూక్ష్మజీవులు చేస్తాయి. అది రక్తంలో కలిసి ఊపిరితో బయటకు వస్తుంది. రోగి చేత గ్లూకోజ్ గాని లాక్టులోజ్ గాని కలిపిన నీళ్లు తాగించి, రెండు మూడు గంటలపాటు కొద్దికొద్ది నిమిషాలకొకసారి ఊదిస్తారు. 90 నిమిషాలలోపు హైడ్రోజన్ పది లక్షల పాళ్లలో 20 పాళ్లు పెరిగితే సీబో ఉన్నట్లు భావిస్తారు. మీథేన్ ఎప్పుడైనా 10 పాళ్లకు చేరితే అది వేరే జాతి సూక్ష్మజీవుల పని, దానితో సాధారణంగా మలబద్ధకం ఉంటుంది.

ఈ పరీక్షలోనూ లోపాలున్నాయి. గ్లూకోజ్ పేగు మొదట్లోనే ఒంటికి పట్టేస్తుంది, కింది భాగంలోని క్రిములు దొరక్కపోవచ్చు. లాక్టులోజ్ ఒంటికి పట్టదు. పేగు కదలిక వేగంగా ఉన్నవారిలో అది త్వరగా పెద్దపేగు చేరి, లేని రోగాన్ని ఉన్నట్లు చూపించవచ్చు. పరీక్షకు ముందు నాలుగు వారాలు యాంటీబయోటిక్ వాడి ఉండకూడదు. ముందురోజు పప్పులు, పాలు, గోధుమ రొట్టెలు, ఉల్లి మానాలి. రాత్రి నుంచి 8 నుంచి 12 గంటలు ఏమీ తినకూడదు. పొగ తాగకూడదు. ఇవేవీ చెప్పకుండా రమ్మన్న రోజే ఊదించి కాగితం చేతిలో పెట్టే చోట ఆ కాగితాన్ని ఎంతవరకు నమ్మాలో పాఠకులే ఆలోచించుకోవాలి. మలాన్ని కొరియర్లో పంపితే పేగులోని క్రిముల జాతకం చెబుతామనే ప్రకటనలు కూడా ఈమధ్య కనిపిస్తున్నాయి. సీబోను నిర్ధారించటానికి అవి పనికిరావు.

చికిత్సలో ఎక్కువగా వాడేది రిఫాక్సిమిన్. ఇది రక్తంలోకి చాలా కొద్దిగా మాత్రమే వెళ్లి పేగులోనే పనిచేస్తుంది. విరేచనాలతో కూడిన ఐబీఎస్ అనే పేగుల ఇబ్బందికి అమెరికా ప్రభుత్వం 2015లో దీన్ని అనుమతించింది. 550 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు, 14 రోజులు అక్కడి మోతాదు. మీథేన్ రకానికి నియోమైసిన్ కూడా కలుపుతారు. అది చెవులకు, మూత్రపిండాలకు హాని చేయగల మందు కనుక వైద్యుని పర్యవేక్షణ తప్పదు. రోగం తిరగబెట్టటం మామూలే. ఇటలీ వైద్యులు 2008లో ప్రచురించిన పరిశీలనలో, చికిత్సతో నయమైన 80 మందిలో 35 మందికి తొమ్మిది నెలలలోపు మళ్లీ వచ్చింది. కాబట్టి మందు వాడి వదిలేయటం కాక, మూలకారణాన్ని వెతకాలి. పాత చీటీ చూపించి షాపులో అదే యాంటీబయోటిక్ మళ్లీ మళ్లీ కొనుక్కోవటం చట్టరీత్యానే కాదు, ఆరోగ్యరీత్యా కూడా తప్పు.

ఆహార నియమం గాలిని తగ్గిస్తుంది గాని రోగాన్ని తీసివేయదు. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, శనగలు, పాలు కొన్ని వారాలు తగ్గించి, తర్వాత ఒక్కొక్కటే చేర్చి చూడాలి. ఇఫ్తార్‌లో మన దస్తర్‌ఖాన్ మీద ఉండే హలీమ్, చనా, పకోడీలు, పుచ్చకాయ ఇంచుమించు అన్నీ ఈ జాబితాలోవే! మన దక్షిణాదిలో పాలు అరగనివారు చాలామంది. వారికి సీబో లేకుండా కూడా ఇదే ఉబ్బరం వస్తుంది.

తేనె విషయం కూడా చెప్పాలి. ఒకాయన తన తమ్ముడికి విరేచనాలవుతున్నాయని వచ్చినప్పుడు దైవప్రవక్త (స) తేనె పట్టమన్నారు. తగ్గలేదని ఆయన మళ్లీ మళ్లీ వచ్చి చెప్పగా మళ్లీ పట్టమన్నారు. చివరికి నయమైంది. ఇమామ్ ఇబ్నుల్ ఖయ్యిమ్ ఈ హదీసును వివరిస్తూ మోతాదు ప్రాముఖ్యాన్ని ప్రస్తావించారు. మందు వాడిన ప్రతిసారీ వచ్చి స్థితి చెప్పుకోవటం కూడా ఇందులో గమనించదగ్గ విషయమే. తేనెలో స్వస్థత ఉందన్న మన విశ్వాసానికి ఢోకా లేదు. అయితే అందులో ఫ్రక్టోజ్ ఎక్కువ, సీబో ఉన్న కొందరికి ఉబ్బరం పెరుగుతుంది. ఏ రోగికి ఎంత అనేది వైద్యుడు చెప్పవలసిన మాట. హజ్రత్ సాద్ (రజి) జబ్బుపడినప్పుడు సకీఫ్ తెగకు చెందిన వైద్యుడు హారిస్ బిన్ కలదా వద్దకు వెళ్లమని దైవప్రవక్త (స) చెప్పటం ఉల్లేఖనాల్లో ఉంది. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడని కూడా ఆయన ప్రకటించారు. హిజ్రీ 319లో, అంటే క్రీ.శ. 931లో, బగ్దాదులో వైద్యుని పొరపాటుతో ఒక రోగి చనిపోతే ఖలీఫా ముక్తదిర్ నగరంలోని వైద్యులందరికీ పరీక్ష పెట్టించాడు. సినాన్ బిన్ సాబిత్ ఎదుట పరీక్షకు నిలిచినవారు 860 మందికి పైనే.

ఇక వుజూ మాట. శబ్దం వినిపించటమో వాసన రావటమో జరిగితే తప్ప, కేవలం అనుమానంతో నమాజు వదలరాదని హదీసు చెబుతోంది. వస్వసాతో బాధపడేవారికి ఇది గొప్ప ఊరట. నిజంగానే గాలి ఆగనివారి సంగతి వేరు. హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం, ఒక నమాజు వేళ మొత్తంలో వుజూ చేసి ఫర్జ్ చదువుకునేంత వ్యవధి కూడా దొరకకపోతే ఆ వ్యక్తి మాజూర్ అవుతాడు. అతనికి ప్రతి నమాజు వేళకు ఒక్క వుజూ చాలు. ఆ వేళ ముగిసేదాకా ఆ గాలి వల్ల వుజూ పోదు. ఏదైనా ఒక వేళ మొత్తం ఇబ్బంది లేకుండా గడిస్తే ఆ సౌలభ్యం ముగుస్తుంది. మాజూర్ ఆరోగ్యవంతులకు ఇమామత్ చేయరాదు గాని, జమాత్‌లో నిలబడటానికి ఏ అడ్డూ లేదు. మీ స్థితి దీని కిందికి వస్తుందో లేదో తెలిసిన ఆలిమ్‌ను అడగండి, పక్కన కూర్చున్న మిత్రుణ్ణి కాదు.

వైద్యుని వద్దకు వెళ్లేటప్పుడు రెండు వారాలు ఏం తిన్నారో, ఎప్పుడు ఉబ్బిందో రాసుకుని వెళ్లండి. పాత ఆపరేషన్లు, వాడుతున్న మాత్రలు దాచకండి. బరువు తగ్గటం, మలంలో రక్తం, జ్వరం, రాత్రి నిద్రలేపే విరేచనాలు, రక్తహీనత, 50 ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన ఇబ్బంది వంటివి ఉంటే ఊపిరి పరీక్ష కోసం వేచి చూడకుండా వెంటనే పెద్ద ఆసుపత్రికి వెళ్లాలి. ఊపిరి పరీక్షలో చక్కెర నీళ్లు తాగాలి కనుక అది రోజాతో కుదరదు. రోజుకు మూడుసార్లు వేసుకునే మందూ అంతే. మోతాదును సహరీకి, ఇఫ్తార్‌కి సొంతంగా సర్దుకోకండి. ఆగదగ్గ చికిత్స అయితే వైద్యుని సలహాతో షాబాన్‌లోనే ముగించుకోవచ్చు, లేదా ఈద్ తర్వాత మొదలుపెట్టవచ్చు. ఆగకూడనిదని ఆయన చెబితే, రోగికి రోజా మినహాయింపు ఉంది, కోలుకున్నాక ఖజా చేసుకోవాలి.