హార్మోను మాత్రలు కండబలాన్ని తగ్గిస్తాయా?

2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి రెండు ఎత్తులలో మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం గెలిచారు. సాధన చేస్తే ఆడపిల్లలకూ బలం వస్తుందని తేలింది కదూ! అయితే హనుమకొండ నెహ్రూ స్టేడియంలో ఆటలు నేర్చే అమ్మాయికైనా, మీకైనా ఒక సందేహం రావచ్చు. హార్మోను మాత్రలు వాడితే ఆ బలం తగ్గుతుందా?

ఈ మాత్రలు గర్భం రాకుండా వాడేవి. నెలసరి బాధలకు కూడా డాక్టర్లు ఇస్తుంటారు. వీటిలో ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరోన్ హార్మోనులను పోలిన పదార్థాలుంటాయి. ఇవి పీయూషగ్రంథి అండాశయాలకు పంపే ఆజ్ఞలను తగ్గిస్తాయి. అందువల్ల అండం విడుదల కాదు. రక్తంలో టెస్టోస్టిరోన్ కూడా కొంత తగ్గుతుంది. కండను పెంచే హార్మోను అదే కదా, మరి కండ పెరగదా?

పెరుగుతుంది! బరువెత్తేటప్పుడు కండరపు పోగులపై పడే లాగుడే అసలు సంకేతం. దాన్ని అందుకొని పోగులు మాంసకృత్తులను కూర్చుకొని లావెక్కుతాయి. మాత్రలు వాడే యువతులకూ, వాడనివారికీ వారాల తరబడి బరువుల సాధన చేయించి పోల్చారు. ఆ పరిశోధనలన్నీ కలిపి చూస్తే బలంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

కనుక బలం తగ్గుతుందేమోనని డాక్టరిచ్చిన మాత్రలు మానవద్దు. ఎవరో చెప్పారని సొంతంగా మొదలుపెట్టనూ వద్దు. బరువు కొద్దికొద్దిగా పెంచండి. పప్పు, పాలు, గుడ్లు తినండి. కంటినిండా నిద్రపోండి. బలం దానంతటదే వస్తుంది.