తుప్పు పట్టిన కారు రేకును దేనితో కోయాలి? ఈ ప్రశ్న ఓనర్లు ఎందుకు అడగాలి?

కారు తలుపు కింద, రన్నింగ్ బోర్డు దగ్గర పెయింట్ చిన్న బుడగలా ఉబ్బుతుంది. స్క్రూడ్రైవర్‌తో నొక్కితే పెళ్లలా ఊడి, లోపల నుంచి ఎర్రటి పొడి రాలుతుంది. చాలాసార్లు తుప్పు లోపలివైపు మొదలై రేకును తినేశాకే ఇలా బయటపడుతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ లాంటి ప్రాంతాల్లో ఇళ్ల ముందున్న కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలా మునిగిన కారును ఎంత కడిగినా రన్నింగ్ బోర్డు, తలుపుల అడుగు వంటి డొల్ల భాగాల్లో బురద మిగిలిపోతుంది. అది తేమను పట్టి ఉంచుతుంది. విశాఖపట్నం, చెన్నై, ముంబయిలలో ఉప్పుగాలి ఇదే పని నెమ్మదిగా చేస్తుంది.

ఇలాంటి కారును టింకరింగ్ షెడ్డుకు తీసుకెళితే రెండు దారులుంటాయి. పైపైన గీకి, పుట్టీ పెట్టి, పెయింట్ వేయడం చవకైన దారి. పుట్టీ తేమను పీల్చుకుంటుంది కాబట్టి దాని కింద తుప్పు ఆగదు. రెండోది, పాడైన భాగాన్ని గట్టి రేకు వచ్చేదాకా కోసేసి కొత్త ముక్క వెల్డింగ్ చేయడం. ఇక్కడ బేరమంతా పెయింట్ చుట్టూనే నడుస్తుంది. కోయడం దేనితో అని అడిగేవారు అరుదు. రిపేరు ఎంతకాలం నిలుస్తుందన్నది మాత్రం చాలావరకు అక్కడే తేలిపోతుంది.

వేడితోనే చిక్కు

కారు బయటి రేకు మందం సాధారణంగా 0.6 నుంచి 0.8 మిల్లీమీటర్లు. ఇంత పల్చటి రేకు కాస్త వేడెక్కినా వంకర పోతుంది. ఆ వంకర కనబడకుండా చేయడానికి మళ్లీ పుట్టీయే పెట్టాలి. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది. చాలా కార్ల రేకుపై తుప్పును ఆపే జింక్ పూత ఉంటుంది. జింక్ 419 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, 907 దగ్గర ఆవిరైపోతుంది. ఉక్కు కరగాలంటే దాదాపు 1,500 డిగ్రీలు కావాలి. అంటే రేకు చెక్కుచెదరకుండా కనిపిస్తున్నా, కోత పక్కన దాని రక్షణ పోయి ఉండొచ్చు.

అందుకే గ్యాస్ కటింగ్‌ను మొదటే పక్కన పెట్టాలి. పాత కార్లను తుక్కుగా ముక్కలు చేయడానికి అది పనికొస్తుంది, రిపేరుకు కాదు.

షెడ్డుల్లో ఎక్కువగా కనిపించేది నాలుగంగుళాల యాంగిల్ గ్రైండర్. చవక, వేగం కూడా ఎక్కువే. ఒక మిల్లీమీటరు మందం ఉండే కటింగ్ వీల్ వేసి, ఆగి ఆగి కోస్తే వేడి అదుపులోనే ఉంటుంది. తిన్నని పొడవాటి కోతకు దీనికి వంక పెట్టలేం. ఇబ్బంది మూలల దగ్గర వస్తుంది. వీల్ గుండ్రంగా ఉంటుంది కాబట్టి గీత దాటి కోసేస్తుంది. వెనక ఉన్న రెండో పొరనో, వైరింగ్‌నో కూడా తాకొచ్చు. నిప్పురవ్వలు అద్దానికి, పక్క పెయింట్‌కు అతుక్కుని తర్వాత తుప్పు చుక్కలుగా మారతాయి. సీట్లు, పెట్రోలు పైపులు ఉన్న చోట అగ్నిప్రమాదం కూడా. పని త్వరగా అవుతుందని గార్డు తీసేసి వాడే అలవాటు మన షెడ్డుల్లో ఉంది. వీల్ పగిలితే ముక్కలు నేరుగా ముఖానికే వస్తాయి.

రేకు కత్తెరతో వేడి, రవ్వ రెండూ ఉండవు. కాకపోతే దాని ఒక దవడ రేకు వెనక్కి వెళ్లాలి, అందుకు చోటుండాలి. రేకును చిన్న చిన్న ముక్కలుగా కొరికే నిబ్లర్ కూడా వంకర రానీయదు. అది రాల్చే పదునైన ముక్కలు తలుపు అడుగున పడి తడిస్తే మాత్రం కొత్త తుప్పుకు బీజం వేసినట్టే. వాక్యూమ్‌తోనో అయస్కాంతంతోనో ఏరేయాలి.

ఇరుకు చోట్లకు, మూలలకు గాలితో నడిచే చిన్న రంపం మేలు. పెయింట్ వేసే షెడ్డులో కంప్రెషర్ ఎలాగూ ఉంటుంది, అయితే చిన్న కంప్రెషర్ ఈ రంపానికి ఆగకుండా గాలి అందించలేదు. బ్లేడు ఎంపిక కూడా ముఖ్యం. అంగుళానికి 32 పళ్లున్న బ్లేడులో పంటికీ పంటికీ మధ్య దూరం దాదాపు 0.8 మిల్లీమీటర్లు, అంటే రేకు మందమంత. అంతకన్నా పెద్ద పళ్లుంటే రేకు వాటి మధ్య ఇరుక్కుని చిరుగుతుంది.

తుప్పు అతుకు దగ్గరే ఉంటే ప్యానెల్ మధ్యలో కోయనక్కర్లేదు. కంపెనీలో రెండు రేకులను కలిపిన స్పాట్ వెల్డ్‌లను వాటికోసమే ఉన్న డ్రిల్ బిట్‌తో పైపొర వరకే తొలిచి, పాడైన రేకును విడదీయొచ్చు. ఓపిక కావాల్సిన పని. కానీ కొత్త అతుకు పాత అతుకు చోటే వస్తుంది.

ముట్టుకోకూడని చోట్లు

ముందు, వెనక తలుపుల మధ్య ఉండే బి-పిల్లర్ వంటి భాగాల్లో చాలా కొత్త కార్లకు బోరాన్ స్టీల్ వాడుతున్నారు. సాధారణ బాడీ రేకు కన్నా నాలుగైదు రెట్లు బలమైనది. మామూలు డ్రిల్ బిట్ దానిపై మొద్దుబారిపోతుంది. వేడి చేస్తే ఆ బలం పోతుంది, ప్రమాదంలో అది లోపలి మనుషులను కాపాడలేదు. ఎక్కడ కోయొచ్చో, ఎక్కడ కూడదో తయారీదారు రిపేరు మాన్యువల్‌లో ఉంటుంది. మాన్యువల్ చూడకుండా పిల్లర్‌కు ప్యాచ్ వేస్తానంటే కారును అక్కడి నుంచి తెచ్చేసుకోవడమే.

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత తనిఖీ చేయించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. ఆ గడువుకు ముందు పుట్టీతో సరిపెట్టాలన్న ఆశ ఓనర్‌కూ ఉంటుంది, మేస్త్రీకీ ఉంటుంది. అయితే కింద బాడీ పుచ్చిన కారుకు పైమెరుపు ఎంతోకాలం నిలవదు.

పని ఒప్పుకునేటప్పుడే ఓనర్ కొన్ని విషయాలు తేల్చుకోవచ్చు. రేకు తళతళలాడే చోటు దాకా కోస్తారా? బ్యాటరీ కనెక్షన్ తీసేస్తారా? వెల్డింగ్ అయ్యాక అతుకు లోపలివైపు కూడా ప్రైమర్, ఆపై మైనం పూత వేస్తారా? ఆ లోపలి పూత లేకపోతే ఎంత మంచి రంపంతో కోసినా ఫలితం ఉండదు. పాత రేకు తీసేశాక ఒకటి, కొత్త ముక్క అతికాక పుట్టీ పెట్టకముందు ఇంకొకటి, రెండు ఫొటోలు పంపమని మేస్త్రీని అడగాలి.