లాక్టోమీటర్‌కు చిక్కని కల్తీ

పాలలో నీళ్లు కలిపితే లాక్టోమీటర్ ఇట్టే పట్టేస్తుందని చాలామంది నమ్మకం. అందులో నిజం సగమే. ఆ పరికరం కొలిచేది సాంద్రతను మాత్రమే. కొవ్వు నీటికన్నా తేలిక కాబట్టి మీగడ తీస్తే పాల సాంద్రత పెరుగుతుంది, నీళ్లు పోస్తే తగ్గుతుంది. రెండూ తగిన పాళ్లలో చేస్తే రీడింగ్ మామూలుగానే కనిపిస్తుంది.

అందుకే ఒక్క సాంద్రతతో తేల్చడం కుదరదు. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) కొవ్వుకూ, కొవ్వు కాని ఘనపదార్థాలకూ (ఎస్ఎన్ఎఫ్) వేర్వేరు కనిష్ఠ పరిమితులు పెట్టింది. ప్యాకెట్‌పై ‘టోన్డ్’ అని రాస్తే 3 శాతం కొవ్వు, 8.5 శాతం ఎస్ఎన్ఎఫ్ ఉండాలి. ‘ఫుల్ క్రీమ్’ అంటే 6, 9 శాతం. అంటే లేబుల్‌పై ఉన్న పేరే చట్టం ముందు ఒక హామీ.

గడ్డకట్టే ఉష్ణోగ్రతే సాక్షి

పాలలో కరిగి ఉన్న లాక్టోజ్, లవణాల వల్ల అవి సున్నా దగ్గర కాక, సుమారు మైనస్ 0.54 డిగ్రీల సెల్సియస్ వద్ద గడ్డకడతాయి. నీళ్లు కలిస్తే ఈ బిందువు సున్నా వైపు జరుగుతుంది. కొవ్వు కరిగి ఉండదు కాబట్టి మీగడ తీసినా ఇది దాదాపు మారదు. అయితే చక్కెర, ఉప్పు, యూరియా కలిపి దీన్నీ ఏమార్చవచ్చు. అందుకే వాటికి విడిగా రసాయన పరీక్షలు చేస్తారు.

ఆహార భద్రత అధికారి సేకరించిన నమూనాను నాలుగు భాగాలు చేస్తారు. ఒకటి ఫుడ్ అనలిస్టుకు వెళ్తుంది. నివేదికకు గడువు 14 రోజులు. నాసిరకమని తేలితే 5 లక్షల రూపాయల వరకు జరిమానా. ఆరోగ్యానికి హానికరమైతే జైలుశిక్ష కూడా పడవచ్చు.

అసలు ముప్పు దాణాలో

ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లో 1,103 పట్టణాల నుంచి 6,432 పాల నమూనాలను పరీక్షించింది. యూరియా, డిటర్జెంట్ వంటివి కలిపినవి 12 మాత్రమే. వాటిలో 9 తెలంగాణవి. కానీ 368 నమూనాల్లో అఫ్లాటాక్సిన్ ఎం1 పరిమితిని (కిలోకు 0.5 మైక్రోగ్రాములు) మించింది.

దీన్ని ఎవరూ కలపరు. తేమ తగిలి బూజు పట్టిన వేరుశనగ చెక్క, పత్తి గింజల చెక్కలో అఫ్లాటాక్సిన్ బి1 పుడుతుంది. పశువు కాలేయం దాన్ని ఎం1గా మార్చి పాలలోకి పంపుతుంది. కాచినా అది పోదు. రుచిలో, వాసనలో తేడా తెలియదు. కాబట్టి దుకాణంలో నమూనా తీయడంతో తనిఖీ పూర్తికాదు. దాణా నిల్వచేసే గది దాకా వెళ్లాలి.