సత్యవాదులును అసత్యవాదులును

మన యిండ్లలో రాత్రి భోజనములైన పిమ్మట పెద్దలు పిల్లలకు పొడుపుకథలు వేయుట చిరకాలముగా నున్న వేడుక. పొడుపుకథను విప్పుటకు పోలికను పట్టవలెను. పోలిక తట్టినవాడు విప్పును, తట్టనివాడు ఓటమి నొప్పుకొనును. ఇప్పుడు మేము చెప్పబోవు ప్రశ్నలు వేఱొక జాతివి. వీనిలో దాచిన దేమియు లేదు. కావలసిన మాటలన్నియు ప్రశ్నలోనే యుండును. ఓపికతో నొక్కొక్క మెట్టే యెక్కువాడు, తరగతిలో మొదటివాడు కాకున్నను, తప్పక పైకి చేరును. అందుచేత నివి విద్యార్థులకు మిక్కిలి తగినవని మా యభిప్రాయము.

ఒక ద్వీపము గలదనుకొందము. అందలి జనులు రెండు తెగలవారు. సత్యవాదు లెల్లప్పుడును నిజమే చెప్పుదురు. అసత్యవాదు లెల్లప్పుడును అబద్ధమే చెప్పుదురు. రూపమునందు గాని వేషమునందు గాని వారికి భేదము లేదు. మాటలనుబట్టియే తెగను కనిపెట్టవలెను. అమెరికా దేశపు తార్కికుడు రేమండ్ స్మలియన్ (1919–2017) 1978లో ప్రకటించిన గ్రంథమువలన నిట్టి ప్రశ్నలు మిక్కిలి ప్రసిద్ధి చెందినవి. ఆయన గణితశాస్త్రజ్ఞుడే గాక గారడీవిద్యయందును పియానో వాద్యమునందును నేర్పరి.

మొదట సులభమైన ప్రశ్న. ఆ ద్వీపమున "నేను అసత్యవాదిని" అని పలుకగలవా డెవడు? సత్యవాది పలికినచో ఆ మాట అబద్ధమగును. అసత్యవాది పలికినచో నిజమగును. రెండును నియమమునకు విరుద్ధములే. కావున నెవడును పలుకజాలడు. మేము చేసినదేమి? ఒక పక్షము నిజమనుకొని, దాని ఫలమును కడవఱకు చూచితిమి; అది పొసగకపోవుటచే విడిచితిమి. ఈ విద్య కంతటికిని మూలసూత్ర మిదియే.

ఇక రెండవ ప్రశ్న. సోమయ్య, భీమయ్య అను నిద్దరు ద్వీపవాసులు మన కెదురుపడిరి. సోమయ్య "మే మిద్దరమును అసత్యవాదులమే" యనెను. భీమయ్య యేమియు పలుకలేదు. ఎవ రే తెగవారు?

సోమయ్య సత్యవాది యనుకొందము. అప్పు డతని మాట నిజము కావలెను. నిజమైనచో అతడే అసత్యవాది కావలెను. ఇది పొసగదు. కనుక సోమయ్య అసత్యవాది. అతని మాట అబద్ధము. ఇంతవఱకు విద్యార్థులు బాగుగనే వత్తురు. తరువాతి మెట్టుననే కాలు జారును. "ఇద్దరును అసత్యవాదు లనుట అబద్ధమైనచో ఇద్దరును సత్యవాదులే గదా" యని కొంద రందురు. అది సరికాదు. "ఇద్దరును పరీక్షలో తప్పిరి" అను వార్త అబద్ధమైనచో, ఇద్దరును ప్యాసైరని యర్థము కాదు; కనీస మొక్కడైనను ప్యాసయ్యెనని మాత్రమే యర్థము. అట్లే యీ యిద్దరిలో కనీస మొక్కడు సత్యవాది. సోమయ్య కాడని ముందే తేలెను గనుక భీమయ్యయే సత్యవాది.

ఈ భేదము పుస్తకములకే చెందినదని తలంపవలదు. కొన్ని యేండ్ల క్రిందట మేమే యీ తప్పు చేసితిమి. ఒక సాయంకాలము తరగతి గదిలో కిటికీ అద్దము పగిలెను. ఒక బాలుడు తనను తన మిత్రుని గూర్చి, "మే మిద్దరమును ఆ గదిలో అడుగు పెట్టలేదండీ" యనెను. వాడు గదినుండి వెలువడుట చూచినవా రుండిరి. మాట అబద్ధమని తేలెను. మేము వెంటనే యిద్దరును గదిలో నుండిరని నిశ్చయించి, ఇద్దరిని వార్షిక క్రీడలనుండి తొలగించితిమి. రెండవ బాలుడు ఆ సమయమున జ్వరముతో నున్న తల్లికి మందు తెచ్చుటకు పోయియుండెనని వారము దినములకు గాని మాకు తెలియలేదు. అప్పటికి క్రీడలు ముగిసినవి. "పొరపడితిమి, నాయనా" యని వానితో జెప్పితిమి. వాడు తల వంచుకొని "ఫరవాలేదండీ" యనెను. కాని యేడాది పొడుగున వాడు సాధన చేసిన పరుగుపందెమును మేము తిరిగి యీయలేకపోతిమి. "ఇద్దరును లేరు" అనుట అబద్ధమైనచో తేలున దొక్కటే: కనీస మొక్కడుండెను. అంతకు మించి మేము నిశ్చయించుట తర్కములోని లోపము; దాని ఫలము మాత్రము నిర్దోషి యనుభవించెను.

మూడవది మిక్కిలి ప్రసిద్ధమైన బాటల ప్రశ్న. బాట రెండుగా చీలినది. ఒకటి ఊరికి, మఱియొకటి అడవికి పోవును. అచ్చట నొక ద్వీపవాసి నిలిచియున్నాడు. వాని తెగ తెలియదు. ఔననియో కాదనియో బదులు వచ్చునట్లు ఒక్క ప్రశ్నయే అడుగవచ్చును. "కుడిబాట ఊరికి పోవునా?" యని యడిగిన లాభము లేదు, బదులు నిజమో కాదో తెలియదు. కావున నిట్లడుగవలెను: "కుడిబాట ఊరికి పోవునా యని నిన్నడిగినచో నీవు ఔనందువా?"

కుడిబాట నిజముగా ఊరికే పోవుననుకొందము. సత్యవాది ఔననును. అసత్యవాది సంగతి చూడుడు. తిన్నగా నడిగినచో వాడు కాదనియుండును. కాని యిప్పుడు మన మడిగినది "ఔనందువా?" యని. దీనికి నిజమైన బదులు "అనను". వాడు దానిని గూడ తాఱుమాఱు చేసి ఔననును. కుడిబాట అడవికి పోవునదైనచో, ఇట్లే చూడగా, ఇద్దరును కాదనియే యందురు. కావున వాడే తెగవాడైనను ఔననిన కుడివైపునకును, కాదనిన ఎడమవైపునకును పోవచ్చును. ఋణసంఖ్యను ఋణసంఖ్యచే గుణించిన ధనసంఖ్య వచ్చునట్లు, అబద్ధముపై అబద్ధము చేరి నిజమయ్యెను.

దీనినుండి యొక వింత తేలుచున్నది. ఎల్లప్పుడును అబద్ధ మాడువాడు మనల నెక్కువగా మోసగింపలేడు. వాని మాటను తిరుగవేసిన నిజము దొరకును. ఒకప్పుడు నిజమును ఒకప్పుడు అబద్ధమును చెప్పువాడే కష్టమైనవాడు. అమెరికా తత్త్వవేత్త జార్జి బూలోస్ 1996లో ప్రకటించిన ప్రశ్నలో ముగ్గురు దేవతలు కలరు. ఒకడు నిజమును, ఒకడు అబద్ధమును చెప్పును. మూడవవాడు తోచినట్లు చెప్పును. పైగా వారి భాషలో "డా", "జా" అను మాటలలో ఏది ఔనో ఏది కాదో మనకు తెలియదు. మూడు ప్రశ్నలతో మువ్వురిని గుర్తింపవలెను. దీని పరిష్కారములో మొదటి పని, తోచినట్లు చెప్పువాడు కానివా నొకనిని కనుగొని, మిగిలిన ప్రశ్నలు వానినే యడుగుట. ఎవరిని నమ్మవలెనో తెలియుటకు ముందు ఎవరిని విడువవలెనో తెలియవలెను.

ఈ విచారము క్రొత్తది కాదు. క్రేతీయులలో నొకడు తనవా రెల్లప్పుడును అబద్ధికులని పలికిన సంగతి తీతునకు వ్రాసిన పత్రికలో గలదు. ఆ పలుకు ఎపిమెనిడీసుదని పూర్వులు చెప్పిరి. తానును క్రేతీయుడే గదా, ఆ మాట నిజమెట్లగును? నిజము కాదనుకొన్న చిక్కు లేదు: ఎల్లవారును అబద్ధికులు కారు, ఎచ్చటనో నొక్కడైనను ఎప్పుడో నిజము చెప్పెనని మాత్రమే తేలును. సోమయ్య మాటకు చెప్పిన న్యాయమే యిచ్చటను చెల్లినది.

తుద కొక ప్రశ్న. రామయ్య "నేనును భీమయ్యయు ఒకే తెగవారము" అనెను. సోమయ్య "భీమయ్య అసత్యవాది" యనెను. రామయ్య సత్యవాది యైనచో భీమయ్యయు వాని తెగవాడే, సత్యవాది. రామయ్య అసత్యవాది యైనచో వారు వేఱువేఱు తెగలవారు. అప్పుడును భీమయ్య సత్యవాదియే. కావున సోమయ్య అసత్యవాది. మఱి రామయ్య? రెండు పక్షములును పొసగుచున్నవి. ఇచ్చిన మాటలతో వాని తెగను తేల్చుట యెవరికిని సాధ్యము కాదు. "తెలియదు" అని కారణముతో జెప్పిన విద్యార్థికి మేము పూర్తి మార్కులే యిత్తుము. ఊహించి యొక తెగ పేరు చెప్పినవానికి సున్న.

తలిదండ్రులకు మా మనవి యొక్కటే. పిల్లవా డింట సరియైన జవాబు చెప్పినప్పుడు "శెబా"సని యూరకుండక, "ఎట్లు తెలిసెను?" అని యడుగుడు. మాటలో నున్నంతయే గ్రహించి, లేనిది చేర్చకుండుట యలవడినచో, రేపు వాడు న్యాయస్థానమున గూర్చున్నను, తరగతిలో నిలిచినను, వానిచేత నిర్దోషికి అన్యాయము జరుగదు. ఆ పాఠము మాకు కొంత ఆలస్యముగా వచ్చినది. మా విద్యార్థులకు ముందుగనే రావలెనని యీ నాలుగు మాటలు వ్రాసితిమి.