అల్లకల్లోల సముద్రంలో చిన్న బోటు ఎలా తట్టుకుంటుంది? అసలు ప్రమాదం ఎక్కడ?

గాలి పెరిగిందంటే చాలు.. ఉప్పాడ, విశాఖ తీరాల్లో ఫైబర్ బోట్లు అలల మీద ఎగిరెగిరి పడుతుంటాయి. చూసేవాళ్లకు గుండె ఆగినంత పని! మరి అవి ఎందుకు మునగవు?

బోటు తేలికగా ఉండటమే దాని బలం. అల లేస్తే తనూ లేస్తుంది, దిగితే తనూ దిగుతుంది. పాతకాలపు తెప్ప అయితే దుంగలు కట్టిందే కాబట్టి నీళ్లు సందుల్లోంచి జారిపోతాయి. ఫైబర్ బోటులో అలా కుదరదు, తోడిపోయాల్సిందే. లేదంటే లోపలి నీళ్లు ఒరిగిన వైపుకే చేరి బోటును ఇంకా ఒంచేస్తాయి. వలలు, ఐస్ పెట్టెలు అడుగున సర్దేదీ అందుకే.

అల ఎత్తు ఎంతన్నదే కాదు, ఎటు నుంచి కొడుతుందన్నదీ ముఖ్యం. అందుకే మత్స్యకారులు వేగం తగ్గించి, బోటు మొనను అలకు ఎదురుగా, కాస్త ఏటవాలుగా ఉంచుతారు. ఇంజిన్ ఆగితే బోటు అడ్డం తిరుగుతుంది. అప్పుడు పక్క నుంచి పెద్ద అల కొడితే బోల్తా పడే ప్రమాదం.

అన్నిటికన్నా గండం ఒడ్డు దగ్గరే. లోతు తగ్గేకొద్దీ అల నిటారుగా లేచి విరుగుతుంది. వెనక నుంచి తోస్తే బోటు గిర్రున అడ్డం తిరగొచ్చు. అందుకే అనుభవజ్ఞులు బయటే ఆగి, పెద్ద అలలు పోయాక, ఒక అల వీపు వెనకే ఒడ్డుకు వస్తారు.

ఎంత నేర్పున్నా వాతావరణ శాఖ వద్దన్న రోజు వేటకు వెళ్లొద్దు. సముద్రంలో ఆపద వస్తే కోస్ట్ గార్డ్ నంబర్ 1554.