ఛార్జింగ్ లైటును పత్తి పక్కనే ఛార్జింగ్ పెడుతున్నారా?

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. తుపాను హెచ్చరిక వచ్చిందంటే ఇప్పుడు ఏ ఇంట్లో చూసినా జరిగేది ఒకటే. ఫోన్లు, ఛార్జింగ్ లైట్లు అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు గుచ్చేస్తారు.

గుంటూరు జిల్లా ప్రత్తిపాడు చుట్టుపక్కల ఊళ్లలో దీనికి ఇంకో సంగతి తోడవుతుంది. పత్తి తీతలు అయ్యాక మంచి ధర వచ్చేదాకా చాలామంది పత్తిని ముందుగదిలోనో వరండాలోనో పోసి ఉంచుతారు. ప్లగ్గు ఉండేదీ తరచూ ఆ గదిలోనే. పత్తికి చిన్న నిప్పురవ్వ చాలు. పైకి ఆరినట్టు కనిపించినా కుప్ప లోపల రాజుకుంటూనే ఉంటుంది. మీరు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉండి, ఊళ్లో అమ్మానాన్నలకు ఆన్‌లైన్‌లో లైటు కొని పంపించి ఉంటే, ఈ ఒక్క మాట ఫోన్ చేసి చెప్పండి: పత్తి, గోనెసంచులు, పరుపులు ఉన్నచోట ఛార్జింగ్ పెట్టవద్దు. గచ్చు మీదో బండ మీదో పెట్టాలి. ఇంట్లో వాళ్లు మెలకువగా ఉన్నప్పుడే పెట్టాలి.

అసలు ప్రమాదం ఎక్కడుంది? పాత రకం పెద్ద లైట్లలో లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటుంది. రోజుల తరబడి ప్లగ్గులోనే వదిలేస్తే అది వేడెక్కి ఉబ్బుతుంది, మండే వాయువు వదులుతుంది. కొత్తవాటిలో లిథియం బ్యాటరీలు వస్తున్నాయి. వీటి సెల్ సాధారణంగా 4.2 వోల్టుల దగ్గర నిండుతుంది, అక్కడ ఛార్జింగ్ ఆపే సర్క్యూటు లోపల ఉండాలి. మరీ చవక సరుకులో దాన్ని నమ్మలేం. 45 డిగ్రీలు దాటిన వేడిలో లిథియం సెల్‌ను ఛార్జ్ చేయకూడదు. మిర్చి కల్లాల దగ్గర రాత్రి కాపలాకు తీసుకెళ్లిన లైటును మధ్యాహ్నం రేకుల షెడ్డులో ఛార్జింగ్ పెడితే ఆ వేడి ఇట్టే దాటుతుంది. ఛార్జర్ కూడా లైటుతో వచ్చిందే వాడాలి. పిన్ను దూరింది కదా అని వేరేది పెట్టకూడదు.

మరొకటి చాలామందికి తెలియదు. వెనుక రెండు పిన్నులు బయటికి లాగి నేరుగా గోడ ప్లగ్గుకు గుచ్చే చవక లైట్లలో చాలావాటికి ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. అంటే ఛార్జింగ్ జరుగుతున్నంతసేపూ లోపలి భాగాల్లో 230 వోల్టుల కరెంటు ఉన్నట్టే. డొక్కు పగిలినదాన్ని, తడిసినదాన్ని ప్లగ్గులో పెట్టవద్దు. పిల్లల చేతికి అసలే ఇవ్వవద్దు.

కరెంటు పోయినా వెలిగే ఎమర్జెన్సీ బల్బులది ఇంకో తిరకాసు. కరెంటు లేదు కదా అని హోల్డర్‌లో వేలు పెడతారు, సరఫరా ఏ క్షణంలోనైనా తిరిగి రావచ్చు. ముందు స్విచ్ ఆపాలి.

కొనేటప్పుడు బ్యాటరీ మీద ఐఎస్ 16046 అని, కింద ‘ఆర్’తో మొదలయ్యే నంబరు ఉందో లేదో చూడండి. ఆ నంబరు అసలుదో కాదో ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. నిమిషం పని.

లైటు నుంచి పొగ వస్తే ముందు మెయిన్ ఆపాలి. ప్లగ్గులో ఉండగా నీళ్లు పోయకూడదు. కరెంటు పూర్తిగా తెగాక చిన్న లిథియం బ్యాటరీ మీద నీళ్లు ధారాళంగా పోయవచ్చు, అది చల్లబడటమే ముఖ్యం. మంటలు పత్తికి అంటుకుంటే మీరే ఆర్పాలని చూడకుండా అందరూ బయటికి వచ్చి 101కి ఫోన్ చేయండి. కాలిన చోట టూత్‌పేస్టు, ఇంకు పూయకుండా 20 నిమిషాలు చల్లటి నీటి ధార కింద ఉంచి, 108కి చెప్పండి.

కరెంటు సరఫరా ఫిర్యాదులకు 1912. నాసిరకం లైటు అంటగట్టిన అమ్మకందారుపై ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఉబ్బిన బ్యాటరీని చెత్తబండిలో వేయకండి, పొయ్యిలో అసలే వేయకండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం దాన్ని ఇంటి చెత్తతో కలపకుండా విడిగా అప్పగించాలి. బిల్లు దాచుకుంటే కొన్న దుకాణంలోనే అడిగి చూడొచ్చు.