మానుపసుపు: మందుకు గిరాకీ, మొక్కకు గండం

మందులకు లొంగని శిలీంధ్రాల బెడద ఆస్పత్రులలో పెరుగుతున్న కొద్దీ పరిశోధకుల చూపు పాత మూలికల వైపు మళ్లుతున్నది. ఆయుర్వేదం దారుహరిద్రగా వ్యవహరించే మానుపసుపు వాటిలో ఒకటి. దాని పసుపు రంగుకు కారణమైన బెర్బెరిన్ అనే ఆల్కలాయిడ్‌కు శిలీంధ్రాలను అణచే గుణం ఉన్నది. ఆ ఆల్కలాయిడ్ కోసం మొక్కనే నరకవలసి రావడం అసలు చిక్కు.

2009లో జపాన్‌లో గుర్తించిన కాండిడా ఆరిస్ అనే శిలీంధ్రం 2013 నాటికి ఢిల్లీ ఆస్పత్రులలోనూ బయటపడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 అక్టోబరులో 19 శిలీంధ్రాలతో ప్రకటించిన జాబితాలో దీనిని అత్యంత ప్రమాదకర వర్గంలో చేర్చింది. విరివిగా వాడే ఫ్లుకోనజోల్ దీనిపై చాలావరకు పనిచేయదు. కాండిడా ఆల్బికన్స్‌లో ఆ మందుకు లొంగని రకాలు సైతం, బెర్బెరిన్‌ను జోడించినప్పుడు లొంగినట్లు ప్రయోగశాల పరీక్షలలో తేలింది. అయితే గాజు పాత్రలో కనిపించిన ఫలితం రోగి శరీరంలో కనిపించాలని లేదు. నోటి ద్వారా తీసుకున్న బెర్బెరిన్‌లో అతి స్వల్ప భాగమే రక్తంలో చేరుతుంది. కనుక ప్రాణాంతక వ్యాధికి దీనినే మందుగా నమ్ముకోవడం ప్రమాదకరం.

దారుహరిద్ర పేరు ఒకటే అయినా బజారులో మొక్కలు రెండు. ఉత్తరాదిన హిమాలయాల ముళ్లపొద బెర్బెరిస్ అరిస్టాటా; దక్షిణాదిన పశ్చిమ కనుమలలో పెరిగే కోసీనియం తీగ. శ్రీలంకలో ఈ తీగనే వెనివెల్ అంటారు. రెండింటిలోనూ ఆల్కలాయిడ్ ప్రధానంగా వేరులో, కాండంలో ఉంటుంది. ఆకులు కోసుకుని మొక్కను వదిలే వీలు లేదు. పైగా కోసీనియంలో ఆడ, మగ తీగలు వేరు. రెండూ దగ్గరలో లేకపోతే గింజ కట్టదు. కట్టినా త్వరగా మొలకెత్తదు. కాయ కాసే వయసుకు రావడానికే ఏళ్లు పడుతుంది.

అడవి నుంచి సేకరించినవాటి ఎగుమతిని కేంద్రం నిషేధించిన 29 జాతులలో కోసీనియం ఉన్నది. మొక్క, దాని భాగాలు, సారం సరిహద్దు దాటరాదు. వాటితో తయారైన ఔషధాలకు మాత్రం మినహాయింపు. కట్టె ఆగిపోయే చోట మాత్ర దాటిపోతుందన్న మాట! దేశంలోని వాడకానికి ఈ నిషేధం వర్తించదు. మూలికల సాగును ప్రోత్సహించేందుకు 2000లో జాతీయ ఔషధ మొక్కల మండలి ఏర్పడింది గాని, ఏళ్ల తరబడి రాబడి లేని తీగకు చిన్న రైతు నేల కేటాయించడం కష్టమే.

ఇదిలా ఉండగా 2023లో అమెరికాలో బెర్బెరిన్‌కు బరువు తగ్గించే మాత్రగా కొత్త ప్రచారం వచ్చింది. బెర్బెరిన్‌ను రసాయనికంగా తయారు చేయడం సాధ్యమే. మాత్రల కంపెనీల అవసరాన్ని అది తీర్చవచ్చు. కషాయానికి కట్టెనే అడిగే ఆయుర్వేద తయారీదారుల అవసరాన్ని తీర్చదు.